చేతులు మారే పాడి ఆవు: బేరంలో జాగ్రత్త

సభ్యులు పుంగనూరు సంతలోగాని, పక్క ఊరిలోగాని పాడి ఆవును కొనేటప్పుడు నిండు పొదుగును చూసి ధర కట్టరాదు. ఒక పూట పిండక విడిచిపెడితే ఏ పొదుగైనా నిండుగానే కనబడును. వరుసగా మూడు పూటలు ఎదుట నిలిచి పిండించవలెను. మొదటి పూట లెక్కలోనికి రాదు. తక్కిన రెండు పూటలు కలిపినదే ఆవు రోజు పాడి. 12 లీటర్లన్న ఆవు 10 ఇచ్చిందనుకొందాం. బేరం లీటరుకు 5,000 రూపాయల చొప్పున అయితే 10,000 తగ్గించి అడగవచ్చు. దళారి తుండుగుడ్డ కింద వేళ్లు పట్టి తొందరపెట్టును, అది అతని వృత్తి. నాలుగు చన్నుల మొదటి ధారలను విడివిడిగా నల్లగుడ్డపై పిండి చూడండి. తరకలు పడితే పొదుగువాపు. అట్టి ఆవు ఎంత చవకైనా వద్దు. చూడిదని చెబితే పశువైద్యునిచే పరీక్ష చేయించిన పిమ్మటే బయానా ఇవ్వవలెను. చెవిపోగుపై గల 12 అంకెల నంబరును రసీదులో వ్రాయించుకొని, బీమా ఉంటే ఆ పత్రం కూడా అడిగి తీసుకోండి.