వానాకాలం సలహా: తొండ గుడ్లున్న గెట్లను కదిలించకండి

నారాయణఖేడ్ చుట్టుపక్కల ఇప్పుడు పత్తి, కంది సాళ్లలో గుంటుక తోలడం, గెట్లు సాపు చేయడం రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. గుంటుక ఆపమని చెప్పను. గెట్టు పని మాత్రం నెలన్నర ఆగితే నష్టం లేదు. తొండలు గుడ్లు పెట్టే కాలమిది.

కంచె రాయి మీద తల ఎర్రగా చేసుకొని, ముందుకాళ్ల మీద లేస్తూ వంగుతూ కనిపించేది మగది. మన రక్తం పీల్చి ఎర్రబడిందంటూ పిల్లలు రాళ్లు వేస్తుంటారు. దానికి విషమూ లేదు, మన రక్తంతో పనీ లేదు. జతకట్టే రోజుల్లో, నా హద్దులోకి రావద్దని తోటి మగవాటిని బెదిరించడానికే ఆ రంగు. ఓడిపోయినదాని ఎరుపు కాసేపట్లోనే వెలిసిపోతుంది.

ఆడది మట్టిరంగులో ఉండి కంటపడదు. వానకు మెత్తబడిన చోట గుంట తవ్వి, ఎక్కువగా 10 నుంచి 20 గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో అదిమి పోతుంది. మళ్లీ వచ్చి చూసుకోదు. తోలులాంటి పెంకు మట్టిలోని తేమ పీల్చుకొని ఉబ్బుతుంది. పిల్లలు రావడానికి 6, 7 వారాలు పడుతుంది. ఆలోపు పార పడిందా, ఆ గూడు పోయినట్టే.

మిడతలు, కీచురాళ్లు, చీమలు, ఆకు మీద పాకే గొంగళి పురుగులు దాని తిండి. కదిలేదాన్నే పడుతుంది కాబట్టి కాయలో దూరిన గులాబీ రంగు పురుగు దానికి దొరకదు. అందుకే తొండలున్నాయని లింగాకర్షక బుట్టలు మానేయకండి. పత్తిలో ఎకరాకు 4 పెట్టండి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితే అప్పుడు మందు సంగతి చూడండి. తొండ తేనెటీగలనూ వదలదు. అయినా దాని మేలు ఎక్కువని నా లెక్క.

చెలక బీళ్లలో గొంతు కింద రంగుల సంచి విప్పే చిన్న తొండలు వేరే జాతి. వీటి వెనక కాలికి 4 వేళ్లే, మామూలు తొండకు 5. ఈ గుంపులో కొన్నిటిని 2016లో విడదీసి ‘సరద’ అనే కొత్త ప్రజాతి కింద చేర్చారు. ఇవి నేల మీదే బతుకుతాయి. బీడంతా చదును చేస్తే వీటికి చోటుండదు.

గెట్టు గడ్డిని కొడవలితో జానెడు ఎత్తు వదిలి కోయండి. గడ్డిమందు కొట్టకండి, నిప్పు పెట్టకండి. చేలో పురుగుమందు గాలి లేనప్పుడే కొట్టండి, జల్లు గెట్టు మీదికి రాదు. రాళ్ల కుప్పలుంటే ఒకటి మూలకు అలాగే వదిలేయండి.