డోలాశబ్ద విచారము

దేవాలయములందు జరుగు సేవలలో డోలోత్సవము కన్నులపండువైనది. తిరుమలలో అద్దాల మండపమున ఉభయదేవేరులతో శ్రీమలయప్పస్వామి ఊయలపై వేంచేసియుండగా వేదపారాయణము, మంగళవాద్యములు సాగుచుండును. ఆ మెల్లని ఊపును చూచు భక్తుని మనస్సు కుదుటపడును. ఆ భక్తుడే ఇల్లు చేరి, బిడ్డ జబ్బు గూర్చియో, తీరని అప్పు గూర్చియో తలచి ‘మనస్సు ఆందోళనగా నున్నది’ అనును. ఆందోళన మనగా సంస్కృతమున ఊయల ఊగుటయే. స్వామిసేవకు పేరైన మాటయే మానవుని వ్యథకును పేరగుట ఎట్లు? ఇది విచారింపదగిన విషయము.

ధాతుపాఠమున చురాదిగణములో ‘దుల’ ధాతువునకు ఉత్క్షేపము, అనగా పైకెత్తుట, అర్థముగా చెప్పబడినది. దోలా, డోలా రూపములు ఈ ధాతువునకు సంబంధించినవి. దాని ప్రక్కనే యున్న ‘తుల’ ధాతువునకు తూచుట అర్థము. అమరసింహుడు డోలా, ప్రేంఖా శబ్దములను పల్లకి పేర్ల సరసనే పఠించెను. కొండదారులలో మనుష్యులను మోసుకొనిపోవు డోలీయు ఈ కుటుంబము లోనిదే. శార్‌ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున చెప్పిన పదునైదు గమకములలో ఆందోళితము ఒకటి. అందు స్వరము ఊగును గాని తన స్థానమును విడిచిపోదు.

ప్రేంఖశబ్దము వేదప్రసిద్ధము. ఋగ్వేదము ఏడవ మండలమున వసిష్ఠమహర్షి వరుణుని స్తుతించుచు, సూర్యుని ఆకాశమందలి బంగారు ఊయలగా దర్శించెను. మహావ్రతమను శ్రౌతకర్మమున హోత ఊయలపై కూర్చుండి శస్త్రమును పఠించును. కావున ఊయల కేవలము బాలక్రీడ కాదు, యజ్ఞాంగము కూడ.

తెలుగునను ఇట్టి మాటలకు కొదువ లేదు. తనంత తాను కదలినచో ఊగుట, ఇతరుని కదలించినచో ఊపుట. ఆగు–ఆపు, రేగు–రేపు అను జంటలవంటిదే ఇదియు. నిద్ర ముంచుకొనివచ్చినవాడు తూగును, జోగును. వెలితికుండలో నీరు తొణకును. గాలికి దీపము రెపరెపలాడును. మత్తెక్కినవాడు తూలును. నిశ్చయము లేనివాడు ఊగిసలాడును. దిక్కు తోచనివాడు అల్లాడును. వీనిలో ‘తూగు’ అను మాట విశేషమైనది. ఊగుటయు, తూనికకు వచ్చుటయు దానికి అర్థములు. దుల, తుల ధాతువుల భావములు రెండును ఈ ఒక్క తెలుగుమాటలో ఇమిడియున్నవి. త్రాసును చూచినచో ఇది తెలియును. తట్టలు కొంతసేపు అటునిటు ఊగును, పిదప ముల్లు నిలుచును. పైన పట్టిన చేయి స్థిరముగా నున్నందుననే తూనిక తేలినది.

పై మాటలలోని భేదమును గ్రహించుటకు ఈ దృష్టాంతమే చాలును. ఊయలకు పైన దూలము కలదు, దానికి కొక్కెము కలదు. అట్లతద్దినాడు కన్నెపిల్లలు చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి ఎంత ఎత్తునకు ఊగినను వెరవరు. కొమ్మ గట్టిదని వారెరుగుదురు. తొట్టెలోని శిశువు ఊపుచుండగనే నిద్రించును, ఊపునది తల్లి చేయి గనుక. తూలువానికి, అల్లాడువానికి అట్టి ఆధారము లేదు. కదలిక రెండుచోట్లను ఉన్నది. ఒకచోట అది సుఖము, మరియొకచోట దుఃఖము.

భగవద్గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు మనస్సు చంచలమని, దానిని నిగ్రహించుట గాలిని పట్టుటవలె దుష్కరమని మొరపెట్టుకొనెను. భగవానుడు కాదనలేదు. అభ్యాసముచేతను వైరాగ్యముచేతను అది వశమగునని మాత్రము సెలవిచ్చెను. చంచలత్వము మనస్సునకు సహజము. సంసారమున సుఖదుఃఖముల ఊపు తప్పదు. దానికి పైని ఆధారమును చూపుటయే సాధకుని పని. నిత్యము ఒక వేళకు కూర్చుండి చేయు నామజపము అట్టి గొలుసు. ఒకనాడు మనస్సు నిలువకున్నను మరునాడు మరల కూర్చుండుటయే అభ్యాసము.

డోలోత్సవమునకు పోయినవారు స్వామి దివ్యమంగళవిగ్రహమును కన్నులార సేవించి, ఒక్కసారి పైకి చూచి ఆ గొలుసులు ఎచట కట్టబడినవో గమనింతురుగాక. అచట కదలిక లేదు.