కంటికొలతయు గేజికొలతయు

విద్యార్థులారా! గడియారములో పెద్దముల్లు 12 మీద నున్నప్పుడు చిన్నముల్లు రెండంకెల నడుమ నిలిచినయెడల, ఆ గడియారము తిరుగుచునే యుండును గాని సరియైన గంటను చెప్పజాలదు. మోటారుబండి ఇంజనులోను ఇట్టి రెండు ముండ్లు కలవు. పిస్టనులచే త్రిప్పబడు క్రాంకుషాఫ్టు ఒకటి. వాల్వులను, అనగా కవాటములను, తెరచు కాముషాఫ్టు రెండవది. మొదటిది రెండు చుట్లు తిరుగునప్పటికి రెండవది ఒక చుట్టు తిరుగును. ఈ రెంటికిని గల సంబంధమును సరిగా కుదుర్చుటయే కవాటముల వేళ నిర్ణయించుట.

ఈ పాఠము చెప్పుచుండగా తరగతిలో ఒక బాలుడు లేచి, “అయ్యా! నేర్పుగల పనివానికి కన్ను చాలును గదా, వేరు పనిముట్లేల?” అని యడిగెను. ప్రశ్న మంచిది. ఒక ప్రసిద్ధమైన ఇంజనును చూచి దీనికి ప్రత్యుత్తరము వెదకుదము.

ఇంగ్లండునందు జాగ్వార్ కంపెనీవారు నిర్మించిన ఎక్స్.కె. ఇంజను 1948లో లండను మోటారు ప్రదర్శనమున ఎక్స్.కె.120 అను బండిలో లోకమునకు చూపబడెను. అది 1992 వరకు తయారగుచుండెను. 1961లో వెలువడిన ఇ-టైప్ అను వేగపుబండిలో దాని 3.8 లీటర్ల రూపమును అమర్చిరి. ఆరు సిలిండర్లును ఒకే వరుసలో నుండును. వానిపైనున్న హెడ్డులో రెండు కాముషాఫ్టులు కలవు: ఒకటి గాలియు పెట్రోలును లోనికి విడుచు కవాటములను, మరియొకటి పొగను వెలికి పంపు కవాటములను తెరచును. పిస్టను పైకొనకు చేరుటకు 15 డిగ్రీల ముందుగా లోనికి విడుచు కవాటము తెరచుకొనవలెననియు, పైకొన దాటిన 15 డిగ్రీలకు పొగకవాటము మూసికొనవలెననియు నియమము.

ఇప్పుడు చిన్న లెక్క చేయుడు. కాముషాఫ్టును త్రిప్పు పండ్లచక్రమునకు 30 పండ్లు. 360ని 30చే భాగింపగా ఒక పంటికి 12 డిగ్రీలు వచ్చును. క్రాంకుషాఫ్టు రెండింతలు తిరుగును గనుక, గొలుసు ఒక్క పన్ను తప్పినచో అచ్చట 24 డిగ్రీల భేదము కలుగును. 15 డిగ్రీల ముందు తెరువవలసిన కవాటము 39 డిగ్రీల ముందు తెరచుకొనును. లేదా పైకొన దాటిన 9 డిగ్రీలకు తెరచుకొనును. ఇదియునుగాక, గొలుసు అరిగి సాగినను, హెడ్డును చదునుచేయుటచే పలుచనయైనను, ఒక పంటికంటె తక్కువ భేదము వచ్చును. దానిని గొలుసును పన్ను మార్చి వేయుటచే సరిదిద్దజాలము. అందుచేత చక్రము నడుమ రంపపుపండ్లవలె సన్నని పండ్లుగల చిన్న పళ్లెమును ఉంచిరి. దానిని వెలికిదీసి కొంచెము త్రిప్పి మరల చొప్పించిన, స్వల్ప భేదమును సైతము సవరింపవచ్చును.

ఈ పనికి రెండు ప్రత్యేకమైన పనిముట్లు కలవు. మొదటిది గేజి. అది చిన్న లోహపురేకు. దాని నాలుక కాముషాఫ్టు ముందుభాగమున కోసిన గాడిలో దూరి, రేకు హెడ్డుమీది నునుపైన అంచున కదలక కూర్చున్నచో, షాఫ్టు సరియైన చోట నున్నదని తెలియును. రెండవది రెండు మొనలుగల పనిముట్టు. దీనితో గొలుసు బిగువును సవరింతురు.

పని క్రమమిది. మొదట ముందువైపు సిలిండరులోని పిస్టనును, మిశ్రమమును నొక్కు ఘాతమున, సరిగా పైకొనకు తేవలెను. ఈ ఇంజనులో జాగ్వార్ వారు సిలిండర్లను వెనుకనుండి లెక్కించిరి గనుక ముందున్నది 6వది. ఇది మరచి పొరపడువారు కలరు. పిమ్మట గొలుసును బిగింపవలెను. అది స్వల్పముగా ఊగవలెనే గాని తీగవలె బిగిసి యుండరాదు. ఆ మీదట గేజితో షాఫ్టులను నిలిపి, పళ్లెముల రంధ్రములను షాఫ్టుల రంధ్రములతో కలిపి మరలు బిగింపవలెను. గొలుసు విడిపోయియుండగా షాఫ్టులను విడివిడిగా త్రిప్పరాదు. ఒక వరుస కవాటములు మరియొక వరుసకు తగిలి వంగిపోవచ్చును.

ఆ బాలుని ప్రశ్నకు ఉత్తరము ఇచ్చటనే యున్నది. రంధ్రములు ఇంచుమించుగా కలిసినప్పుడు, “ఇది చాలును” అని కన్ను చెప్పును. అలసిన చేయి సంతోషముతో ఒప్పుకొనును. కాని వంకరగా దూరిన మర బిగియుచు షాఫ్టునే ప్రక్కకు లాగివేయును. చూచుటకు పని ముగిసినట్లే యుండును. వేళ మాత్రము తప్పును. గేజిని మరల పెట్టి చూచినవానికే ఆ తప్పు కనబడును. రంధ్రములు కలియనప్పుడు మరను బలవంతపెట్టరాదు. పళ్లెమును సగము చుట్టు త్రిప్పి చొప్పింపవలెను. అట్లు కలియుటకే దానిని నిర్మించిరి.

మరలన్నియు బిగించిన పిమ్మట మొదట గొలుసు బిగువును, తరువాత కవాటముల వేళను మరల పరీక్షించి, అటుపిమ్మటనే మరలను తీగతో కట్టవలెను. నేర్పుగల పనివాడు సైతము ఈ రెండవ పరీక్షను మానడు. తన చేయి ఎచ్చట పొరపడునో అతడు ఎరుగును గనుక.

అభ్యాసము: గొలుసు రెండు పండ్లు ముందునకు తప్పినయెడల లోనికి విడుచు కవాటము పైకొనకు ఎన్ని డిగ్రీల ముందు తెరచుకొనును?