వస్త్రములపై మరకలు – వాటిని పోగొట్టు విధము



బిడ్డకు ఇష్టమైన చొక్కాపై సిరా పడినను, తల్లి పెండ్లినాటి పట్టుచీరపై నూనె చిందినను ఇంటిల్లిపాదికిని మనస్సు చివుక్కుమనును. ఆ వస్త్రము చినుగలేదు, వెలిసిపోలేదు. అయినను ఒక్క మచ్చ కారణముగా పెట్టె అడుగునకు చేరును. పండుగకో, బడి తెరచునప్పుడో మాత్రమే క్రొత్త బట్టలు కొను కుటుంబములకు ఇది చిన్న నష్టము కాదు. మరకల స్వభావము నెరిగినచో వానిలో పెక్కింటిని మన వంటింటి వస్తువులతోనే పోగొట్టవచ్చును. ఇందులో రసాయనశాస్త్రము కొంత యున్నది గనుక బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని చదువుడు.

మరక యనగా నేమి?

మురికి వేరు, మరక వేరు. దుమ్ము దారముపై నిలిచి నీటితో పోవును. మరక దారములోనికి ఇంకి దానిని పట్టుకొనును. నిజమునకు మరకకును అద్దకమునకును స్వభావములో భేదము లేదు. శ్రీకాళహస్తి కలంకారి పనివారిని చూడుడు. వారు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను తడిపి ఆరబెట్టుదురు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి పులియజేసిన ద్రవముతో దానిపై గీతలు గీయుదురు. కరక్కాయలోని వగరు పదార్థము ఇనుముతో కలిసి చెదరని నలుపగును. టీ, వక్క, దానిమ్మతొక్కలలోను అట్టి వగరే కలదు. కావున టీ పడిన చొక్కాను తుప్పుతీగపై ఆరవేసినచో మనకు తెలియకయే మన మొక అద్దకపు పని చేసినవారమగుదుము.

మన నీటి సంగతి

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఏడాది పొడుగున పారు నది లేదు. చిత్రావతి, పాపఘ్ని మన నందికొండల చెంతనే పుట్టినను వానకాలము దాటిన పిదప చాలవరకు ఇసుకయే కనబడును. కావున బోరుబావుల నీటితోనే ఉతుకుట. ఈ నీరు చాలచోట్ల కఠినజలము. అందులోని సున్నపు లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టగా మారును. సబ్బు వ్యర్థమగుటయే కాక ఆ తెట్ట దారములకు అంటుకొని తెల్లచొక్కాను క్రమముగా బూడిదరంగునకు త్రిప్పును. మరకలు తీయుటకు వాననీరు మేలు. అది లేనప్పుడు నూలుబట్టలకు ఉతుకు నీటిలో కొంచెము చాకలిసోడా కలిపిన చాలును. ఒక సీసాలో వాననీరు, మరియొక సీసాలో బోరునీరు పోసి, సమానముగా సబ్బు వేసి కుదిపి చూడుమని బిడ్డలకు చెప్పుడు. నురుగులోని తేడాయే వారికి పాఠము.

మరక పడిన వెంటనే

1. ఆలస్యము చేయరాదు. తడి మరక సులభముగా పోవును. ఎండిన మరక మొండిదగును.

2. రుద్దరాదు. పొడిగుడ్డతో అద్ది తడిని తీయవలెను. అంచునుండి నడుమకు పోవలెను. లేనిచో మచ్చ పెద్దదగును.

3. మొదట చల్లని నీటినే వాడవలెను.

4. ఏ మందునైనను ముందుగా లోపలి మడతపై పరీక్షించి చూడవలెను.

5. మరక పూర్తిగా పోవువరకు ఇస్త్రీ చేయరాదు. వేడి తగిలినచో అనేక మరకలు స్థిరపడును.

మరకల రకములు

నెత్తురు, పాలు, గ్రుడ్డు: వీనిలో మాంసకృత్తులు గలవు. గ్రుడ్డు వేడికి గట్టిపడునట్లే ఇవియు వేడినీటిలో గట్టిపడి దారమును పట్టుకొనును. చల్లని ఉప్పునీటిలో నానబెట్టి, తరువాత సబ్బు పెట్టవలెను.

నూనె, నెయ్యి, బండికందెన: మరకపై శనగపిండియో, సుద్దపొడియో చల్లి కొంతసేపు ఉంచినచో అది జిడ్డును పీల్చుకొనును. పొడిని దులిపి, సబ్బుతో గోరువెచ్చని నీటిలో ఉతుకవలెను. కందెన యైనచో ముందుగా కొంచెము వంటనూనె రాచి మెత్తపరచుట మంచిది.

పసుపు: సబ్బు తగులగానే పసుపు ఎఱ్ఱబారుట చూచి తల్లులు భయపడుదురు. పసుపు క్షారము తగిలినచో ఎఱ్ఱనగును, పులుపు తగిలినచో మరల పచ్చనగును. మన పారాణి పుట్టినదియు పసుపు, సున్నముల కలయికవలననే. ఈ రంగు ఎండకు ఓర్వలేదు. సబ్బుతో ఉతికి, తడిగా నున్నప్పుడే ఎండలో పరచినచో రెండు మూడు దినములలో చాలవరకు వెలిసిపోవును.

టీ, కాఫీ, నేరేడు, మల్బరీ పండ్లు: తెల్లని నూలుగుడ్డ యైనచో దానిని గిన్నెమీద బిగించి, మరకపై మరగిన నీటిని ధారగా పోయవలెను. ఇది పెద్దలు చేయవలసిన పని.

తుప్పు: నిమ్మరసము, ఉప్పు రాచి ఎండలో ఉంచి, పిమ్మట బాగుగా జాడించవలెను. నిమ్మపులుపు ఇనుమును కరగించి నీటిలోనికి దించును. రంగుబట్టలపై దీనిని జాగ్రత్తగా వాడవలెను.

సిరా: నీటిసిరా చల్లని నీటిలో చాలమట్టుకు విడుచును. బాల్‌పెన్ను సిరా నీటికి లొంగదు. 2020 నుండి మన ఇండ్లలో చేరిన శానిటైజరులోని స్పిరిటు దానిని కరగించును. మరక క్రింద పాతగుడ్డ మడిచి పెట్టి, పైనుండి దూదితో అద్దుచు, క్రింది గుడ్డను మార్చుచుండవలెను. స్పిరిటు మండును గనుక దీపమునకు, పొయ్యికి దూరముగా నుండవలెను.

పట్టుచీరలు

శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత మన పొరుగుననే యున్నది గనుక పట్టు సంగతి మనకు చెప్పనక్కరలేదు. పట్టు పురుగునుండి వచ్చిన మాంసకృత్తు. ఘాటైన సోడా, వేడినీరు, బ్లీచింగు దానిని పాడుచేయును. కుంకుడుకాయ రసము చల్లని నీటిలో కలిపి మెల్లగా ముంచి తీయుటయే శ్రేష్ఠము. జరీకి నిమ్మరసము తగులనీయరాదు. తగిలినచో దాని మెరుపు తగ్గవచ్చును.

ఒక హెచ్చరిక

బ్లీచింగు పొడికి 1799లో చార్లెస్ టెన్నెంట్ అనునతడు పేటెంటు పొందెను. తెల్లని నూలుబట్టలకు అది ఉపయోగకరమే; పట్టునకు, ఉన్నికి శత్రువు. మరక మొండిదని దానిలో నిమ్మరసముగాని, స్నానపుగదులు కడుగు ఆమ్లముగాని ఎన్నడును కలుపరాదు. అట్లు కలిపినచో క్లోరిను వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేయును. ఈ సీసాలను బిడ్డలకు అందని చోట ఉంచుడు. ఎంత ఇష్టమైన చొక్కా యైనను బిడ్డ ఊపిరికన్న విలువైనది కాదు.

పోని మరకను మరుగుపరచుట

అన్ని మరకలును పోవు. అప్పుడు వస్త్రమును పారవేయనక్కరలేదు. చొక్కాపై మచ్చ రొమ్ముభాగమున నున్నచో అచ్చట జేబు కుట్టించవచ్చును. పాపగౌనుపై నున్నచో పువ్వో, చిలుకో రంగుదారముతో కుట్టవచ్చును. లంబాడీ స్త్రీల అద్దాల కుట్టు దీనికి చక్కని మాదిరి. తెల్లగుడ్డయంతయు మచ్చలైనచో చిక్కని టీ డికాక్షనులో ముంచి గోధుమరంగు తెప్పించవచ్చును, లేదా ముదురురంగు అద్దించవచ్చును. మచ్చనే అద్దకముగా మార్చుట యిదియే.

చివరి మాట

ఇన్ని మందులలోను గొప్పది కాలము. మొదటి గంటలో చన్నీటితో పోవు మరక మూడవనాటికి దేనికిని లొంగకుండవచ్చును. దెబ్బలకు భయపడు బిడ్డ సిరా పడిన చొక్కాను పుస్తకాల సంచిలో దాచును, అడిగినచో అబద్ధమాడును. అది బయటపడునప్పటికి మరక దారములో నిలిచిపోవును, అబద్ధము నాలుకకు అలవాటగును. "మరక పడినదమ్మా" అని బిడ్డ పరుగున వచ్చి చెప్పగలిగిన ఇంటిలో సగము మరకలు ఆనాడే పోవును. కావున బిడ్డ చెప్పినప్పుడు కోపగించుకొనక, చెంబెడు చన్నీళ్ళు వానిచేతనే తెప్పించి, ప్రక్కన కూర్చుండి ఉతికించుడు. చొక్కా దక్కును, నిజము చెప్పు గుణమును దక్కును.