లేఆఫ్ వరమే... మొదటి 60 రోజులు మీ చేతుల్లో ఉంటే!

ముందు ఒక మాట గట్టిగా అనుకోండి. మీ ఉద్యోగం పోయింది. మీ విలువ పోలేదు.

2022 నవంబరులో మెటా 11 వేల మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని పంపించింది. 2025లో టీసీఎస్ కూడా సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని చెప్పింది. ఇంతమందికీ ఒక్కసారిగా పని చేతకాకుండా పోయిందా? లేదు. కంపెనీ తన ఖర్చుల లెక్క మార్చుకుంది, అంతే. ఆ లెక్కను మీ మార్కుల షీట్‌గా చదవకండి.

మరి లేఆఫ్ వరం కాగలదా? కచ్చితంగా కాగలదు. కానీ దానంతటదే కాదు, మీరు చేసుకోవాలి.

మైకేల్ బ్లూమ్‌బర్గ్‌ని చూడండి. 1981లో సాలమన్ బ్రదర్స్ ఆయన్ని బయటికి పంపింది. మార్కెట్ సమాచారాన్ని కంప్యూటర్ మీద అందించే కంపెనీ పెట్టి, ఆయన ప్రపంచ కుబేరుల్లో ఒకరయ్యారు. అయితే కథలో రెండో సగం కూడా వినండి. బయటికొచ్చేటప్పుడు ఆయన చేతిలో కోటి డాలర్లున్నాయి. మీ చేతిలో అంత ఉండకపోవచ్చు. అందుకే మీకు ధైర్యంతో పాటు ఒక ప్లాన్ కావాలి.

ఎంతకాలానికి ప్లాన్? అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న మనవాళ్లకు చట్టమే గడువు పెట్టింది. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్పుకు అప్లై చేయాలి, లేదా దేశం విడిచి రావాలి. కఠినమే. కానీ ఆ గడువు మనిషిని మొదటి రోజే లేపి కూర్చోబెడుతుంది.

గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఉద్యోగం పోతే అలాంటి గడువేమీ ఉండదు. ప్రమాదం అక్కడే ఉంది. "వచ్చే వారం చూద్దాం" అంటూ నెలలు గడిచిపోతాయి. కాబట్టి మీ 60 రోజుల గడువు మీరే పెట్టుకోండి. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీయండి. ఇక పని మొదలెడదాం.

1. ఇంట్లో చెప్పండి, ఈరోజే

పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, సాయంత్రం దాకా ఏ కాఫీ షాపులోనో కూర్చుని ఇంటికొచ్చే నాటకం వద్దు. దాచడానికి పెట్టే శక్తి, వెతకడానికి పెట్టండి. మీ భాగస్వామికి పూర్తి లెక్కతో చెప్పండి. ఊళ్లో అమ్మానాన్నలకు ధైర్యంగా చెప్పండి: "ఉద్యోగం పోయింది, ఇన్ని నెలలకు డబ్బుంది, వెతుకుతున్నాను." భయం లెక్కల ముందు నిలబడదు. బంధువులేమనుకుంటారో అనే ఆలోచన ఈ 60 రోజులూ పక్కన పెట్టండి.

2. సంతకానికి ముందు చదవండి

రాజీనామా చేసినట్టు రాసివ్వమంటే కంగారుపడి ఒప్పుకోకండి. చదవడానికి టైమ్ అడగండి. ఇవి సరిచూసుకోండి:

- నోటీస్ పీరియడ్ జీతం, మిగిలిన సెలవుల డబ్బు.
- ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ: ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున.
- రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు, ఫామ్ 16.
- హెల్త్ ఇన్సూరెన్స్. ఆఫీసు గ్రూప్ పాలసీ సాధారణంగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం వెంటనే అడగండి.

పీఎఫ్ జోలికి చివర్లోనే వెళ్లండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడొచ్చు. ఈఎమ్ఐ కట్టలేమనిపిస్తే, తప్పిపోయాక కాదు, ముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి.

3. కోపాన్ని కాగితం మీద పెట్టండి

ఇది చిన్న పని, పెద్ద ఫలితం. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ బృందం 1994లో ఒక అధ్యయనం ప్రచురించింది. లేఆఫ్ అయిన ఇంజినీర్ల చేత వరసగా ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు, ఉద్యోగం పోయిన బాధ గురించి మనసు విప్పి రాయించారు. తర్వాతి నెలల్లో చూస్తే, రాయనివాళ్లతో పోలిస్తే అలా రాసినవాళ్లలో ఎక్కువమందికి కొత్త ఉద్యోగాలొచ్చాయి. వాళ్లేమీ ఇతరులకంటే ఎక్కువ కంపెనీల చుట్టూ తిరగలేదు!

కారణం ఊహించడం కష్టం కాదు. పాత మేనేజర్ ప్రస్తావన రాగానే గొంతు మారిపోయే మనిషిని ఏ ప్యానెలూ ఇష్టపడదు. మీరు ఇంటర్వ్యూకి వెళ్లేలోపు ఆ కోపం కాగితం మీదకు దిగిపోవాలి. ఈ రాత్రే మొదలెట్టండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

4. దూరపు పరిచయాలను పలకరించండి

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే ఒక విషయం తేల్చారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు ప్రాణస్నేహితుల నుంచి రాలేదు. ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ల నుంచి వచ్చింది. మీ దగ్గరివాళ్లకు తెలిసింది మీకూ తెలుసు. దూరంగా ఉన్నవాళ్ల దగ్గరే కొత్త కబురుంటుంది.

ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్, పాత టీమ్ లీడ్, అమీర్‌పేట హాస్టల్ రూమ్మేట్: రోజుకు ముగ్గురికి మెసేజ్ పెట్టండి. "ఏదైనా ఉంటే చూడన్నా" అనకండి. దానికి ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయండి: "అన్నా, మా ప్రాజెక్ట్ మూసేశారు. ఎనిమిదేళ్లు జావా చేశాను, అందులో మూడేళ్లు పేమెంట్స్ మీద. మీ కంపెనీలో ఆ టీమ్‌ని ఎవరు చూస్తారో చెప్తావా?" స్పష్టంగా అడిగితే స్పష్టమైన సాయం అందుతుంది.

5. దారి తేల్చుకోండి

జీతం వస్తున్నన్నాళ్లూ మిమ్మల్ని మీరు అడగని ప్రశ్నలు ఇప్పుడు అడగండి.

- ఏ పని కోసం టీమ్ అంతా నా డెస్క్ దగ్గరికొచ్చేది?
- ఏ పని చేస్తుంటే ఆదివారం సాయంత్రం నుంచే నీరసమొచ్చేది?
- ఈ రెండేళ్లలో నేను కొత్తగా నేర్చుకున్నదేమిటి?

మూడో ప్రశ్నకు జవాబు లేదా? అయితే మీ అసలు సమస్య లేఆఫ్‌కు ముందే మొదలైంది. దాన్ని బయటపెట్టింది కాబట్టే ఈ లేఆఫ్ వరం. ఒకే ఒక్క స్కిల్ ఎంచుకోండి. మైత్రివనం దగ్గర కనిపించిన ప్రతి కోర్సు బోర్డూ చూసి ఫీజు కట్టకండి. నేర్చుకున్నదానితో ఒక ప్రాజెక్ట్ చేసి చూపించండి.

ఒక హెచ్చరిక. డబ్బిస్తే బ్యాక్‌డోర్ జాబ్ ఇప్పిస్తామనేవాళ్లు, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమనేవాళ్లు ఇప్పుడే తగులుతారు. ఒక్క రూపాయి ఇవ్వకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది మీ పేరు.

రోజు ఇలా గడవాలి

- ఎప్పటిలాగే ఉదయం లేవండి, స్నానం చేయండి, తొమ్మిదికి కుర్చీలో ఉండండి.
- మొదటి రెండు గంటలు స్కిల్.
- తర్వాత అప్లికేషన్లు, మెసేజ్‌లు, ఫోన్లు.
- సాయంత్రం గంట నడక. ఫోన్ ఇంట్లోనే.
- ప్రతి ఆదివారం భాగస్వామితో కూర్చుని ఖర్చులు, ప్రగతి చూసుకోండి.

60వ రోజుకు ఆఫర్ చేతికి రాకపోవచ్చు. ఫరవాలేదు. అప్పటికి మీ దగ్గర ఖర్చుల లెక్క ఉంటుంది, కొత్త స్కిల్ ఉంటుంది, నూటయాభైకి పైగా పరిచయాలు మళ్లీ మేల్కొని ఉంటాయి. ఇక మరో 60 రోజులు ఇదే క్రమశిక్షణతో సాగండి. ఒక కంపెనీ మీద ఆధారపడ్డ మనిషి స్థానంలో, ఎక్కడైనా నిలబడగల మనిషి తయారవుతాడు.

పెన్ను తీయండి. మొదటి ఇరవై నిమిషాలు ఇప్పుడే రాయండి.