ఎర్రర్‌ని ఎక్కడ పట్టుకోవాలి?

నాగారంలో మా మామకు కిరాణా షాపు ఉంది. పోయిన సెలవుల్లో ఆయన ఉద్దెర ఖాతా కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. నెలాఖరున మామ ఫోన్ చేశాడు. "ఏందిరా, బియ్యం బస్తా పైసలు నీ లెక్కల లేవు. పన్నెండు వందలు ఏడ పోయినయ్? తీస్కపోయినాయనే గుర్తు చేసి కట్టిండు."

వెతికితే తప్పు నాదే. మామ 1,200 అని కామా పెట్టి కొట్టాడు. కామా ఉన్న అంకెను పైథాన్‌లో 'ఇంట్' ఫంక్షన్‌కి ఇస్తే వాల్యూ ఎర్రర్ అనే ఎక్సెప్షన్ వస్తుంది. ప్రోగ్రామ్ ఆగిపోకూడదని నేను అక్కడే ట్రై, ఎక్సెప్ట్ పెట్టి, ఎర్రర్ వస్తే సున్నా పంపమని రాశాను. ప్రోగ్రామ్ ఆగలేదు, డబ్బులే పోయాయి. మొత్తం కూడే ఫంక్షన్‌కి అది అసలు సున్నానో, తప్పు వల్ల వచ్చిన సున్నానో తెలిసే దారి లేదు.

షాపులో పనిచేసే పిల్లాడికి ఎవరైనా చిరిగిన నోటు ఇస్తే పారేయడు, చప్పుడు చేయకుండా గల్లాలో వేయడు. మామకు చూపిస్తాడు. తీసుకోవాలో వద్దో మామకే తెలుసు. ఎక్సెప్షన్ కూడా అంతే. పట్టుకోకపోతే, ఆ ఫంక్షన్‌ని పిలిచిన ఫంక్షన్‌కి, అక్కణ్ణుంచి ఇంకా పైకి వెళ్తుంది. ఏం చేయాలో తెలిసిన చోట పట్టుకోవాలి.

ఇప్పుడు కామాలు ముందే తీసేస్తున్నాను. ఇంకేదైనా తప్పు కొడితే చదివే ఫంక్షన్ ఎర్రర్‌ని పైకి వదులుతుంది. ఎంట్రీ స్క్రీన్ పట్టుకుని "అంకె సరిగా లేదు, మళ్ళీ కొట్టండి" అంటుంది. అదీ వాల్యూ ఎర్రర్‌ని మాత్రమే. అన్నిటినీ పట్టుకుంటే నా కోడ్‌లోని తప్పుకి కూడా మామనే మళ్ళీ కొట్టమంటుంది!

అలాగని ఎవరూ పట్టుకోకపోయినా ప్రమాదమే. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ తొలిసారి ఎగిరినప్పుడు, ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చాల్సి వచ్చింది. అందులో పట్టే గరిష్ఠ విలువ 32,767. సంఖ్య అంతకన్నా పెద్దది. వచ్చిన ఎక్సెప్షన్‌ని పట్టుకునే కోడ్ అక్కడ లేదు. రాకెట్ దిశను కొలిచే కంప్యూటరూ, దానికి తోడుగా పెట్టిన రెండోదీ ఒకే కారణంతో ఆగిపోయాయి. దాదాపు 40 సెకన్లకే రాకెట్ ముక్కలైంది. విచిత్రమేమిటంటే, ఎగిరాక ఆ లెక్కతో పనే లేదు. అక్కడ ఎర్రర్‌ని పట్టుకుని వదిలేసినా సరిపోయేది.

అదే పని నా ప్రోగ్రామ్‌లో మామకు నష్టం చేసింది. అందుకే ఎక్సెప్ట్ అని రాసే ముందు ఇప్పుడు ఒక్కటే అడుగుతాను: ఏం చేయాలో ఈ ఫంక్షన్‌కి తెలుసా?

మామ మాత్రం కాగితం ఖాతా కూడా రాస్తున్నాడు. నేను వద్దనలేదు.