ఆ రక్తపరీక్ష వచ్చేదాక ఆగకు చెల్లె

"ఒక్క చుక్క రక్తంతోని క్యాన్సర్ తెలుస్తదట, నిజమేనా అక్కా?" అని అడిగినవు గదా. కోరుట్లల చాట ముందట కూసుండి బీడీలు చుట్టే ఆడోళ్లకైనా, సిరిసిల్లల సాంచాల కాడ పనిచేసేటోళ్లకైనా తెల్వాల్సిన ముచ్చటే ఇది.

దాని ఎనుక గట్టి సైన్సే ఉన్నది. మన కణాలల్ల మైక్రోఆర్‌ఎన్‌ఏ అని శానా పొట్టి పోగులుంటయి. ఏ జన్యువు ఎంత పనిచెయ్యాల్నో అదుపు చేసేటాట్ల ఇవొకటి. 1993ల ఒక చిన్న పురుగుల వీటిని మొదలు కనిపెట్టిన విక్టర్ ఆంబ్రోస్‌కు, తోడుగ గ్యారీ రవ్‌కన్‌కు 2024ల నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణాలల్ల వీటి లెక్క తప్పుతది, కొన్ని రక్తంలకు జారుతయి. ప్రొటీన్లకు అతుక్కొని, సన్న బుడగలల్ల దాక్కొని కరగకుంట నిలుస్తయి. 2008ల అమెరికా శాస్త్రవేత్తలు సీరంల మిర్-141 అనే ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏను కొలిచి, ప్రొస్టేట్ క్యాన్సర్ ముదిరినోళ్లను మంచిగున్నోళ్ల నుంచి వేరుచేసి చూపెట్టిండ్రు.

సీరమంటే, ట్యూబుల రక్తం గడ్డకట్టినంక మిషన్ల తిప్పితే మీదికి తేలే లేత పసుపు నీళ్లు. దాన్ల ఈ పోగులు ఇసుమంతనే ఉంటయి. అందుకే ముందుగాల వేరుచేసి, డీఎన్‌ఏగ మార్చి, పీసీఆర్ అనే పద్ధతిల కోట్ల కాపీలు తీసి కొలుస్తరు. ఈ తంటా లేకుంట సీరంలనే నేరుగ పట్టే చిప్పుల మీద పని నడుస్తున్నది. జత పోగును చిప్పుకు అంటించి పెడ్తరు, వెతికేది వచ్చి అతికితే కరెంటు సిగ్నల్ మారుతది. అది పక్కాగ కుదిరితే జగిత్యాల ల్యాబుల గూడ చెయ్యొచ్చు. నా ఆశంత దాని మీదనే.

గాని సూది గుచ్చినప్పుడు ఎర్రకణాలు పగిలితే సీరం గులాబీ రంగు తిరుగుతది, వాటిల ఉన్న మిర్-16, మిర్-451 కలిసి లెక్క తారుమారైతది. మిర్-21 సంగతి ఇంకోటి. నోటి క్యాన్సర్ల పెరుగుతది, రొమ్ముదాన్ల పెరుగుతది, పెద్దపేగుదాన్ల గూడ పెరుగుతది. అదొక్కటే చూసి రోగం ఎక్కడున్నదో చెప్పలేరు. ఇదంత దాచిపెట్టి "ఒక్క పరీక్షతోని అన్ని క్యాన్సర్లు" అని ఎవరన్న పైసలడిగితే ఇయ్యకు.

ఆ పరీక్ష ఎప్పుడొస్తదో గాని, నీ నోరైతే ఇయ్యాల్నే అద్దంల కనవడ్తది. పొగాకు నమిలే అలవాటుంటే ఇంకింత పట్టి చూడు. నాలిక లేపి కింద చూడు, చెంపల లోపల వేలు పెట్టి తడుము. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగ తెరవరాకపోవుడు, వీట్ల ఏదున్నా దాచకు. కేరళల తిరువనంతపురం దిక్కు ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి నోర్లు చూసిండ్రు. పొగాకు, మందు అలవాటున్నోళ్లల్ల నోటి క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గినయని 2005ల లెక్క తేలింది. నేర్పిన కన్ను, మంచి వెలుతురు, అంతే.

జగిత్యాలల 2022 నుంచి, సిరిసిల్లల 2023 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలున్నయి. మొదలు అక్కడ చూపెట్టుకో. అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తరు, అక్కరుంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే దవాఖానకు రాస్తరు. రేపు వెయ్యి బీడీల లెక్క అప్పజెప్పాలె అని వాయిదా వెయ్యకు. ఒక్కదానివే పోబుద్ధి కాకుంటే ఫోన్ చెయ్యి, నేనొస్త.